ఈల వేసిన పళ్ళు

గురువారం పదకొండు గంటలకి ఆ డబ్బా మూడోసారి తిరిగొచ్చింది.

డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు దాన్ని బల్ల మీద పెట్టి, కుక్క తాడు విప్పినవాడిలా రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. పళ్ళక్క మూత తియ్యలేదు. స్పిరిట్ దీపం మీద మైనం కత్తి వేడి చేసుకుంటోంది. వేడెక్కిన కత్తిని మధ్యలో వదిలే అలవాటు ఆమెకి లేదు. చేతిలో ఉన్న మైనపు పంటి చిగురు అంచు దిద్దింది, ఊదింది, కత్తి కింద పెట్టి వేళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ ఏమిటట?"

"చీటీ ఉందక్కా లోపల. నన్నడక్కు."

"చదవకుండా తెచ్చే ముఖమేనా నీది?"

"ఈల పోలేదట," అన్నాడు కాంపౌండరు, నేల చూస్తూ.

చీటీలో అదే ఉంది. 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది. సోమవారం పొద్దున ఆ పళ్ళు పెట్టుకునే ఆవిడకి ఆఫీసులో గొంతు పరీక్ష. ఈసారీ కుదరకపోతే వేరేచోట చేయించుకుంటాం. కింద డాక్టరు సంతకం, ఎప్పటికంటే పొడుగ్గా.

పళ్ళక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. కట్టుడు పళ్ళు చేస్తుంది కాబట్టి పళ్ళక్క. నోట్లో అచ్చు తియ్యడం డాక్టరు పని. ఆ అచ్చు ప్లాస్టరు ముద్దగా ఇక్కడికి వస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, ఆ మైనం స్థానంలో గులాబిరంగు ప్లాస్టిక్ పోసి, చక్రం మీద మెరుగుపెట్టి తిరిగి పంపించడం ఆమె పని. పదకొండో ఏట తండ్రి ఆమెని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పుడు నలభై నాలుగు. ఈ మధ్యలో ఎన్ని వేల నోళ్ళకి పళ్ళు కట్టిందో లెక్క లేదుగాని, ఎన్ని నోళ్ళు చూసిందో లెక్క ఉంది. ఒక్కటీ చూడలేదు.

అది తండ్రి పెట్టిన కట్టుబాటు. "నోరు డాక్టరుది, పళ్ళు మనవి. మనిషిని చూస్తే జాలి పుడుతుంది. జాలి పుడితే చెయ్యి వణుకుతుంది," అనేవాడు. అందుకే పళ్ళు పోయిన మనిషి ఎవరూ ఆ గదిలో ఏనాడూ అడుగుపెట్టలేదు. గదిలో అద్దం కూడా లేదు. కిటికీ కింద బల్ల, గోడ పొడుగునా అరల్లో ప్లాస్టరు దవడలు, మూలన మోటారు చక్రం, అంతే. కొత్తవాళ్ళు ఎవరైనా గుమ్మంలోంచి తొంగిచూస్తే, గదినిండా మాట మధ్యలో ఆగిపోయిన మనుషులు ఉన్నట్టనిపించేది.

పళ్ళక్క పనికి ఒక గుర్తుంది. నునుపు. పై వరస పళ్ళని పట్టుకుని ఉండే అంగిలి పలకని ఆమె గాజులా మెరిపిస్తుంది. నాలుక నీళ్ళ మీద జారినట్టు జారాలి అని తండ్రి చెప్పినదాన్ని తండ్రికంటే బాగా చేసింది. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమినా ఏది తన చేతిదో, ఏది పరాయిదో చెప్పగలదు. ఆ నమ్మకం గొప్పలకి పోయేది కాదు. నిద్రలేచి నేల మీద కాలు పెట్టేవాడు నేల ఉందా అని చూసుకోడు కదా, అలాంటిది.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే చోటు సరిచేసి, మళ్ళీ మెరుగుపెట్టి పంపింది. రెండోసారి ముందుపళ్ళని వెంట్రుక వాసి లోపలికి జరిపి, మళ్ళీ మెరుగుపెట్టి పంపింది. మూడోసారి ఏ పనీ తిరిగి రాలేదు, ఇన్నేళ్ళలో.

కాంపౌండరు వెళ్ళాక మూలనుంచి చెల్లెలి గొంతు వినిపించింది. బకెట్లో ప్లాస్టరు కలుపుతోంది.

"అక్కా, ఆవిణ్ణి ఒకసారి రమ్మందాం."

"ఎవర్ని?"

"రైళ్ళావిణ్ణి."

స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్పే ఆవిడ అని డాక్టరు మొదటి చీటీలోనే రాశాడు. అప్పటినుంచీ చెల్లెలికి ఆవిడ రైళ్ళావిడ. పళ్ళక్కకి మాత్రం పైవరస, మధ్యసైజు.

"వచ్చి ఏం చేస్తుంది?"

"మాట్లాడుతుంది. మనం వింటాం."

"పళ్ళని వింటారుటే ఎక్కడైనా?"

"పళ్ళు బాగాలేవని ఆవిడ అనడంలేదుగా. మాట బాగాలేదంటోంది. మనమేమో మూడుసార్లు పళ్ళే చూశాం."

"నీ ఏడిళ్ళలో ఏ ఇంట్లో నేర్పారు ఈ విద్య?"

చెల్లెలు నవ్వి బకెట్లోకి తల వంచింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఈ పిల్ల తన్ను తానే తిప్పుకుంటోందని పళ్ళక్కే ఒకప్పుడు అంది. అప్పటినుంచీ ఇంటిల్లిపాదికీ ఆమె ఏడిళ్ళ పిల్లి అయిపోయింది. దర్జీ దగ్గర కత్తిరింపు నేర్చుకుంది. అది చేతికొచ్చే వేళకి రొట్టెల దుకాణంలో చేరింది. అక్కణ్ణుంచి చెవిటిపిల్లల బడిలో ఆయాగా వెళ్ళి, పంతులమ్మలకి సాయం చేసే స్థాయికి ఎదిగి, అదీ మానేసి వేణువులు బాగుచేసే కొట్లో తేలింది. మధ్యలో మందుల షాపొకటి, పూల అంగడి ఒకటి. రెండు నెలల కింద రెండు సంచులతో వచ్చి, "ఇక్కడే ఉండిపోతానక్కా, పని చెప్పు," అంది. ముప్పై ఏడేళ్ళ మనిషికి పళ్ళక్క ప్లాస్టరు బకెట్ చూపించింది.

అందులో కొంచెం కసి ఉందని పళ్ళక్కకి తెలుసు. తనలో జరిగేవాటిని ఆమె బాగానే చూస్తుంది. ఒంటరి పని మనిషికి అదొక్కటి నేర్పుతుంది. చెల్లెల్ని కూడా తండ్రి పదకొండో ఏటే ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మూడోరోజున మైనం పన్ను ఒకటి నమిలి చూసింది, రుచి తెలియాలని. తండ్రి మెడ పట్టి బయటికి తోసి, "పో, ఆడుకో పో," అన్నాడు. పద్దెనిమిదేళ్ళ పళ్ళక్క కిటికీలోంచి చూసింది. వీధి మలుపు దాకా ఏడుస్తూ నడిచిన పిల్ల మలుపు దగ్గర పరుగు అందుకుంది. పాపం, శిక్ష పడింది అనుకుంది అప్పుడు. ఆ శిక్ష ఎవరికి పడిందన్నది తరవాత చాలా ఏళ్ళు ఆమె మనసులో మెదులుతూనే ఉంది. మైనం కత్తి చేతిలో ఉన్నంతసేపూ అది రాదు. కత్తి కింద పెట్టాక వస్తుంది. అందుకే ఆమె కత్తిని ఎక్కువగా కింద పెట్టదు.

"ఈ గదిలోకి నోళ్ళు రావు," అంది చెల్లెలితో. "నాన్న ఉన్నప్పుడు రాలేదు, ఇప్పుడూ రావు."

"సరే," అంది చెల్లెలు. ఆమెలో పళ్ళక్కకి అంతుచిక్కనిది అదే. దేన్నీ పట్టుకుని వేలాడదు.

శుక్రవారమంతా పళ్ళక్క ఆ ఒక్క సెట్టుతోనే కూర్చుంది. ప్లాస్టరు దవడ మీద పెట్టి చూసింది, ఎక్కడా కదలదు. రంగు కాగితం మధ్యలో పెట్టి కరిపించి చూసింది, ప్రతి పన్నూ తన చోట తాను కలుస్తోంది. కొలత ముల్లుతో అంగిలి పలక దళసరి చూసింది. తండ్రి చెప్పిన ప్రకారమే ఉంది, మెరుగు పెట్టినప్పుడు అరుగుతుందని అన్నివైపులా గోరు మందమంత ఎక్కువ. పోయిన రెండుసార్లూ ముందుజాగ్రత్తకి కొత్త పొర పోసి మెరుగు పెట్టింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంది. తప్పు లేదు. మధ్యాహ్నం రొట్టె తింటూ కూడా దాన్నే చూసింది. ఇంకోసారి మెరుగు పెడదామని లేచి, మోటారు మీట మీద వేలుంచి, ఆగిపోయింది.

ఈ చెయ్యి ఎక్కడికి పోతోంది, అనుకుంది.

తప్పు అని ఎవరైనా అన్నప్పుడల్లా తన చెయ్యి తనకి తెలిసిన చోటికే వెళ్ళింది. పళ్ళు కలిసే కరుపు సరిచేసింది, తనకి కరుపు తెలుసు కాబట్టి. మెరుగు పెట్టింది, తనకి మెరుగు తెలుసు కాబట్టి. ఇంట్లో ఎక్కడ చప్పుడైనా ఎప్పుడూ ఒకే గదిలోకి వెళ్ళి చూసి, ఎవరూ లేరని పడుకునే మనిషిలా ఉంది తన వరస. ఆ ఆలోచనకి బాధ కలుగుతుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. బాధ రాలేదు. మూసి ఉన్న డబ్బాలో ఏదో కదిలినప్పుడు కలిగే కుతూహలం వచ్చింది. తను ఇంతవరకూ వెళ్ళని మూల ఒకటి ఉందన్నమాట.

మోటారు మీద నుంచి వేలు తీసి, "ఏమే, డాక్టరుగారికి కబురుపెట్టు. ఆవిణ్ణి రేపు పొద్దున పంపమను," అంది.

చెల్లెలు ప్లాస్టరు చేతులతోనే బయల్దేరింది.

"చేతులు కడుక్కో. పెళ్ళికి పిలవడానికి వెళ్తున్నట్టు ఆ పరుగేమిటి?"

శనివారం రైళ్ళావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. నిటారుగా ఉంది, పట్టీ చెప్పులు, చేతిలో చిన్న సంచి. లోపలికి రాగానే అరల్లోని దవడల్ని చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నెలన్నర సెలవులో ఆ చెయ్యి అలా అలవాటు పడిపోయినట్టుంది.

"కూర్చోండి," అంది పళ్ళక్క. కూర్చోబెట్టడానికి గదిలో రెండో కుర్చీ లేదు. చెల్లెలు ప్లాస్టరు మూట మీద సంచి పరిచి తను కూర్చుని, పని ముక్కాలిపీట ఆవిడకిచ్చింది. పళ్ళక్క డబ్బా అందిస్తే ఆవిడ అటు తిరిగి పళ్ళు పెట్టుకుంది.

"ఇరవై ఆరేళ్ళు స్టేషన్లో చెప్పానమ్మా బళ్ళ గురించి," అంది రైళ్ళావిడ. ప్రతి 'స' దగ్గరా సన్నటి ఈల ఒకటి దారం లాగినట్టు వచ్చి తెగిపోతోంది. "ఇప్పుడు బండి కూత వెయ్యకముందే నేను వేస్తున్నాను. డ్రైవర్లు ఊరుకుంటారా?"

చెల్లెలు పగలబడి నవ్వింది. రైళ్ళావిడ కూడా నవ్వబోయి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పళ్ళక్క నవ్వలేదు. ఆ ఈలని వింటోంది. తను చేసిన వస్తువుకి గొంతు ఉండటం ఆమెకి ఇదే మొదలు.

"సోమవారం ముగ్గురు పెద్దమనుషుల ముందు చదవాలి," అంది ఆవిడ. "తప్పితే పార్సిల్ గదికి మారుస్తారు. రసీదులు రాయడం. అక్కడ మాట్లాడక్కర్లేదు. మా మాటలేమో 'వస్తున్నది', 'సిద్ధముగా ఉన్నది'. 'స' లేకుండా మాకు బండి కదలదు."

చెల్లెలు లేచి తన సంచిలోంచి చిన్న డబ్బా, కుంచె, చేతి అద్దం తీసింది. డబ్బాలో కోకో పొడి.

"ఇదేమిటే?" అంది పళ్ళక్క.

"చెవిటిపిల్లలకి 'స' వినిపించదు కదక్కా. నాలుక ఎక్కడ పెట్టాలో చూపించాలి. చూపిద్దామంటే లోపల చీకటి. అందుకని అంగిలికి పొడి రాసి, ఒక్క అక్షరం పలికించేవాళ్ళం. నాలుక తగిలినచోట చెరిగిపోతుంది, తగలనిచోట ఉంటుంది. బళ్ళో ఏదో చేదు పొడి వాడేవాళ్ళు, పిల్లలు ఉమ్మేసి పరిగెత్తేవాళ్ళు. నేను రొట్టెల దుకాణం నుంచి వెళ్ళినదాన్ని కదా, కోకో పెట్టాను. ఆ తరవాత 'స' కోసం వరసలు కట్టారు వెధవలు."

ముందు తన నోటికే చేసుకుంది. గుడ్డతో అంగిలి తుడుచుకుని, కుంచెతో పొడి రాసుకుని, 'స' అని, తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. పళ్ళక్క దీపం పట్టుకుని వంగి చూసింది. రెండు పక్కలా పొడి చెరిగిపోయి అంగిలి తడిగా మెరుస్తోంది. మధ్యలో చిటికెనవేలంత వెడల్పున పొడి అలాగే ఉంది, ముందుపళ్ళ దాకా, చిన్న కాలవలా.

"అదే గాలి పోయే దారి," అంది చెల్లెలు. "ఇప్పుడు నువ్వు."

"నాకెందుకే?"

"నీకు చూపిద్దామని."

నలభై నాలుగేళ్ళ మనిషి పరాయి ఆవిడ ముందు నోరు తెరుచుకుని కూర్చుంది. కుంచె అంగిలికి తగిలి చక్కిలిగింత పెట్టింది. 'స' అంది. అద్దంలో చూసుకుంటే తనకీ అదే కాలవ. కాని పళ్ళక్క చూసింది కాలవని కాదు. ముందుపళ్ళ వెనకాల, పొడి పట్టిన చోట, అడ్డంగా చిన్న చిన్న గట్లు ఉన్నాయి. అల వెనక్కి వెళ్ళాక ఇసుకలో మిగిలే గీతల్లాగ. నాలుకతో తడిమింది. నాలుక వాటిని గుర్తుపట్టింది. పుట్టినప్పటినుంచీ రోజంతా అది ఆ గట్ల మీదే తిరుగుతోంది, తనకి చెప్పకుండా.

ఇక రైళ్ళావిడ పళ్ళ వంతు. ఆవిడ తీసి ఇచ్చిన సెట్టు తుడిచి, పలక మీద టీ జల్లెడతో కోకో చల్లారు. ఆవిడ జాగ్రత్తగా పెట్టుకుని ఒక్కసారి 'స' అంది. ఈల వచ్చింది. చెల్లెలు మెల్లిగా సెట్టు తీసి దీపం దగ్గర పెట్టింది.

పలకంతా చెరిగిపోయింది. మధ్యలో దారమంత సన్నటి గీత మాత్రం మిగిలింది.

ముగ్గురూ వంగి దాన్ని చూశారు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వేణువులో సందు సన్నబడితే ఏమవుతుందో చెల్లెలికి తెలుసు. ఆ సందు ఎందుకు సన్నబడిందో పళ్ళక్కకి తెలుసు. మెరుగుకి సరిపడా దళసరి. రెండుసార్లు తిరిగొస్తే రెండుసార్లూ ఇంకాస్త. నాలుక ఇరుకు ఇంట్లో కాపురమున్నట్టు పక్కలకి ఒరుసుకుంటోంది. జారడానికి చేసిన నునుపు మీద, ఆగడానికి పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ పోతోంది.

"బాగుచెయ్యొచ్చా అమ్మా?" అంది రైళ్ళావిడ. సెట్టు లేని నోటితో ఆ మాట మెత్తగా, ముసలిగా వచ్చింది.

"పక్కలు గీకేస్తే సరి," అని చెల్లెలు బల్ల మీది గీకుడు కత్తి అందుకుంది.

"చెయ్యి తియ్యి."

చెల్లెలు చెయ్యి తీసింది. పళ్ళక్క కోప్పడలేదు. నిప్పు దగ్గరికి వెళ్ళే పిల్లతో అన్నట్టు అంది, అంతే.

"నిజమేలే," అంది చెల్లెలు. "నేను గీకితే చిల్లి పడుతుంది. నాకు ఏ పనిలోనూ ఆ చివరి వెంట్రుక వాసి చేతికి రాలేదక్కా. అది వచ్చే వేళకి నేను ఇంకో గుమ్మం ఎక్కేదాన్ని. దర్జీ అనేవాడు, నీ కత్తిరింపుకి వంక పెట్టలేం, కుట్టుని చూడలేం అని."

ఈ మాట ఆమె నోట పళ్ళక్క ఎప్పుడూ వినలేదు. వినాలని ఎన్నేళ్ళుగానో అనుకుంది. విన్నాక చూస్తే, దాచుకోవడానికి ఏమీ లేనంత చిన్నదిగా ఉంది.

"అద్దం అక్కడ నిలబెట్టు," అంది. "దీపం ఇలా తే."

తన చేతిలో అంత బాగా మెరిసిన వస్తువు మీద కత్తి పెట్టడానికి ఒక క్షణం పట్టింది. మొదటి గీతకి ప్లాస్టిక్ తెల్లగా రాలింది, గాజు మీద గోరు గీసినట్టు ప్రాణం జిల్లుమంది. తరవాత చెయ్యి దాని దారిన అది పోయింది. కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం. కడిగి, కోకో చల్లి, నోట్లో పెట్టి, 'స' అనిపించి, తీసి చూడటం. దారం దారంగానే ఉంది. మళ్ళీ గీకింది. మూడోసారికి దారం తాడైంది. నాలుగోసారికి ఈల దూరంనుంచి వచ్చే బండి కూతలా సన్నబడింది.

"ఇంకొంచెం తియ్యక్కా," అంది చెల్లెలు.

పళ్ళక్క పలకని దీపానికి ఎత్తి పట్టింది. గులాబిరంగులోంచి వెలుగు వచ్చే తీరు చూసింది. "ఎడమవైపు ఇక కుదరదు. ఆర్నెల్లలో పగులుతుంది. కుడివైపు ఉంది చోటు."

"ఎలా తెలిసింది?"

"వెలుగు చెబుతుంది."

ఆ తరవాత చెల్లెలు ఎక్కడ తియ్యాలో వేలితో చూపిస్తే, ఎంత తియ్యాలో పళ్ళక్క చెప్పింది. రైళ్ళావిడ వాళ్ళిద్దరి మధ్యా నోరు తెరుస్తూ మూస్తూ, "ఇంత కోకో తాగించి టిఫిన్ మానిపించిన ఇల్లు ఇదొక్కటే," అంది.

చివర్న పళ్ళక్క అర మీదనుంచి ఆవిడ ప్లాస్టరు దవడని దింపింది. మైనం పరచకముందు ఆమె ఎన్నోసార్లు చూసిన దవడే. ముందువైపు అడ్డంగా అవే గట్లు. ప్రతి దవడలోనూ ఉంటాయి. ముప్పై మూడేళ్ళుగా వాటి మీద నునుపైన మైనం రేకు పరచడమే ఆమె మొదటి పని. గచ్చు వేసే ముందు నేల చదును చేసేవాడు మట్టిలోని అడుగుజాడల్ని పట్టించుకోడు కదా. ఆమె దవడని పక్కన పెట్టుకుని, ఆ గట్లని ఒక్కొక్కటే చూసి, పలక మీద సన్నటి కత్తితో గీసింది. ఎవరో వేసిన ముగ్గుని ఎత్తి రాసుకున్నట్టు. ఐదు గీతలు. మెరుగు పెట్టలేదు. గరుకు పోయేదాకా బొటనవేలితో, తడి బూడిదతో రుద్దింది, అంతే. తండ్రి చూస్తే సగం చేసిన పని అనేవాడు.

రైళ్ళావిడ పెట్టుకుంది. నాలుక లోపల తిరగడం బుగ్గల మీద కనిపించింది. ఆవిడ ముఖం ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చింది. అప్పుడు ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చుని, ఎదురుగా మైకు ఉన్నట్టు గడ్డం కొంచెం ఎత్తి, "ప్రయాణికులకు మనవి. ఉదయం ఏడు గంటల సాధారణ బండి మూడవ వేదిక మీదికి వస్తున్నది. సామానులు సరిచూసుకొని సిద్ధముగా ఉండవలసినది," అంది.

ఈల లేదు. గదిలోని దవడలన్నిటికీ వినిపించేటంత స్పష్టంగా ఉంది. సెట్టు తీసుకువెళ్ళడానికి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన కాంపౌండరు, అలవాటు చొప్పున, కింద పెట్టిన తన సంచి అందుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది పళ్ళక్క.

"ఏమో," అన్నాడు వాడు సిగ్గుపడి.

రైళ్ళావిడ నవ్వింది. చెయ్యి నోటి దాకా వచ్చి, పనిలేదని తెలిసి, ఒళ్ళోకి దిగిపోయింది.

ఆదివారం పళ్ళక్క కిటికీ పక్కన మేకు కొట్టి చెల్లెలి అద్దాన్ని తగిలించింది. ప్లాస్టరు మూటల్ని వంటింటి చావడిలోకి జరిపింది. ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో ఎవరితోనూ అనలేదు. చెల్లెలు రెండో కుర్చీ తెచ్చి పెట్టుకుంది.

"ఇది నీ ఎనిమిదో ఇల్లటే?" అంది పళ్ళక్క.

"మొదటిదే. మధ్యలో తోసేశారుగా."

సోమవారం పొద్దున పదింటికి పళ్ళక్క ఏప్రన్ విప్పి తలుపు వెనక మేకుకి తగిలించింది. పనివేళలో ఆ మేకుకి అది ఎప్పుడూ తగల్లేదు. చెల్లెలికి బల్ల అప్పగిస్తూ, "దేన్నీ నమలకు," అంది, బయటికి నడిచింది. గొంతు పరీక్ష తొమ్మిదింటికని తెలుసు. నెగ్గితే ఆవిడ పదిన్నరకే మైకు దగ్గర కూర్చుంటుంది. లేకపోతే ఇంకెవరి గొంతో వస్తుంది. కబురు కోసం ఇంట్లో కూర్చోవచ్చు. కాని తను చేసిన పని ఎక్కడుంటుందో అక్కడికి వెళ్ళి చూడాలన్న కోరిక ఆమెకి కొత్తగా కలిగింది. ఆలస్యంగా పుట్టిన కోరికలకి ఓపిక ఉండదు.

స్టేషన్లో పొడవాటి బెంచీ మీద చివర్న కూర్చుంది. ఎదురుగా పట్టాలు, అవతల గడియారం. చుట్టూ జనం తింటున్నారు, పిల్లల్ని పిలుస్తున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. పళ్ళక్క వాళ్ళ నోళ్ళని చూసింది. ఎన్ని రకాలు. ఒక్కొక్క దాంట్లో ఒక నాలుక, దాని దారి దానిది. ఇన్నాళ్ళూ తనకొచ్చింది తక్కువ కాదు. ఈ జనంలో ఎవరి పైవరసైనా ఇప్పుడు ఊడి ఒళ్ళో పడితే, మైనం, కత్తి, దీపం ఇస్తే చాలు, నాలుగు రోజుల్లో కట్టి ఇవ్వగలదు. అందులో అనుమానం లేదు. ఆ చెయ్యి చూడని గది ఇంకొకటి ఉందని తెలిశాక, చేతి మీద నమ్మకం తగ్గలేదు. ఇంకొంచెం చోటు దొరికి ఆ నమ్మకం స్థిరంగా కూర్చుంది.

గడియారంలో పదీ ముప్పై అయింది. పదీ ముప్పై రెండు. ఎక్కడో గరగరమంది. మైకు.

"ప్రయాణికులకు మనవి," అంది గొంతు.

అదే గొంతు. ఎత్తు పైకప్పు కింద అది పెద్దదైపోయి, అన్ని బెంచీల మీదా సమానంగా పరుచుకుంది. రెండవ వేదిక మీదికి బండి వస్తున్నదని, సామానులు సరిచూసుకొని సిద్ధముగా ఉండవలసినదని చెప్పింది. ఎవరూ తలెత్తలేదు. బాగున్న మాటకి ఎవరూ తల ఎత్తరు. బెంచీ మీద వాళ్ళంతా సంచులు అందుకుని లేచారు, అంతే. ప్రతి 'స' దగ్గరా పళ్ళక్క నాలుక తన నోట్లోనే మెల్లిగా కదిలి, ముందుపళ్ళ వెనకాల గట్లని తాకి వచ్చింది.

పక్కన కూర్చున్న ముసలాయన మూట భుజానికెత్తుకుంటూ, ఈమె లేవకపోవడం చూసి ఆగాడు.

"ఈ బండి మీదేనా అమ్మా?"

పళ్ళక్క ఒక్క క్షణం ఆలోచించింది.

"సగం నాది," అంది. "సగం మా చెల్లెలిది."

ముసలాయన ఆమె ముఖంలోకి చూసి, మూట సర్దుకుని, వేదిక అవతలి చివరికి గబగబా నడిచాడు. బండి వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. పళ్ళక్క కాళ్ళు చాపుకుని, తరవాతి బండి గురించి వినడానికి కూర్చుంది.